తొమ్మిదో పొట్లం

మా స్కూల్లో కెమిస్ట్రీ చెప్పేవాళ్లం ఇద్దరం, నేనూ త్యాగీ. నిజం చెప్పాలంటే చెప్పేదాన్ని నేనొక్కదాన్నే, త్యాగీ డిక్టేషన్ ఇచ్చేవాడు. ఆయన క్లాసు పక్కనుంచి వెళ్తే కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా వినబడేవి. ప్రయోగం చెయ్యకముందే ఫలితం రాయించి, కింద పెన్సిల్‌తో గీత గీయించేవాడు. పదిహేనేళ్ల సర్వీసులో చేతి మీద ఒక్క యాసిడ్ మచ్చ కూడా లేని కెమిస్ట్రీ మాస్టారు ఢిల్లీ మొత్తానికి ఆయనొక్కడే అయ్యుంటాడు. పొద్దున మయూర్ విహార్‌లో మా స్కూల్లో, సాయంత్రం తన ఇంట్లో ట్యూషన్లో, అవే నోట్సు, అవే కామాలు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. ప్రిన్సిపాల్‌కు అంతకన్నా ప్రాణం.

నాకు మాత్రం ఆయనన్నా, ఆయన్ని మెచ్చుకునే ప్రిన్సిపాల్ అన్నా, ‘సిలబస్ ఎప్పుడవుతుంది మేడమ్’ అనే ప్రశ్న తప్ప ఇంకోటి పుట్టని తల్లిదండ్రులన్నా ఒకేలాంటి చులకన. దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు. బాపట్లలో మా అమ్మ అనేది, నీ మూతి విరుపు చూస్తే పాలు విరుగుతాయే అని.

ఎనిమిదో తరగతి వాళ్లకు మొదటి రోజు బల్ల మీద మూత పెట్టిన గ్లాసు ఉంచి, కనిపించింది రాయమనేదాన్ని. నలభై మందీ ‘నీళ్లు’ అని రాసేవారు. మూత తీసి వరసగా వాసన చూపిస్తే అది వెనిగర్. మీ కళ్లు చూసింది రంగు లేని ద్రవం, నీళ్లన్నది మీ బుర్ర చెప్పింది, ఆ రెండింటినీ కలిపేశారో మీరు కెమిస్ట్రీకి పనికిరారు అని చెప్పేదాన్ని. పసుపు పూసిన గుడ్డ ముక్క ఇచ్చి, ఇంట్లో ఉన్న ప్రతి పదార్థమూ ఒక్కో చుక్క వేసి తెమ్మనేదాన్ని. ఒకసారి గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే తండ్రి ఒకాయన, మనవాడే, కర్నూలాయన, పేరెంట్ మీటింగుకి ఎర్రమరకల దుప్పటితో సహా వచ్చాడు.

“చూడండి మేడమ్, మావోడు చేసిన పని. పసుపు పూసి, సబ్బు రుద్ది, ఎర్రగా చేసి పెట్టినాడు. ఇది పరీక్షలో వస్తుందా?”

“రాదండి.”

“మరెందుకు మేడమ్ ఇదంతా?”

“మీరు మళ్లీ ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు చెప్తాను,” అన్నాను. ఆయన ప్రిన్సిపాల్‌కు కంప్లయింట్ ఇచ్చాడు. ఆ ఏడాది అది నాలుగోది.

పై తరగతులకు వచ్చేసరికి నా దగ్గర ప్రతి కాగితాన్నీ నిలువుగా మడవాలి. ఎడమ సగంలో చూసింది రాయాలి. కుడి సగంలో దాని అర్థం. ఎడమ సగం నిండేదాకా మడత విప్పకూడదు. ఎడమవైపు ‘అమ్మోనియా వచ్చింది’ అని రాస్తే కొట్టేసేదాన్ని. ముక్కు మండే వాసన వచ్చిందని రాయాలి, అది అమ్మోనియానా కాదా అన్నది తర్వాతి సంగతి. ముందే మడత విప్పినవాళ్ల కాగితం వాళ్ల ఎదుటే చింపేదాన్ని. పిల్లలు నాకు మడత మేడమ్ అని హిందీలో పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

మా అమ్మాయి ప్రవల్లిక కూడా అదే స్కూల్లో, నా క్లాసులోనే చదివింది. తల్లి కళ్లతో చూడకుండా చెప్తున్నాను, పదిహేనేళ్లలో నాకు దొరికిన అసలైన విద్యార్థులు ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరూ ఆ ఏడాదే దొరికారు. ఒకతి మా వల్లి. రెండోది దీపా రావత్, బస్సు కండక్టర్ కూతురు. దీప నోరు విప్పేది కాదు కానీ, పరీక్షనాళికను వెలుతురుకు ఎత్తి పట్టి చూసే తీరులోనే తెలిసిపోయేది.

రెండు వేల ఐదు నవంబరులో ఒకరోజు వల్లి లెడ్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ వేసింది. ట్యూబు నిండా గడ్డపసుపు రంగు దిగింది. వేడి చేయమన్నాను. రంగు మాయమై నీళ్లలా తేటపడింది. చల్లారనిస్తే అందులోంచి బంగారు రజను రాలడం మొదలైంది. బెల్లు కొట్టినా, లంచ్ అయిపోతున్నా ఆ పిల్ల కదల్లేదు.

“మమ్మీ, ఏక్ బార్ ఔర్?” అంది, ఇంకొక్కసారి చేస్తానని. స్కూల్లో నన్ను మ్యామ్ అనాలన్న రూలు కూడా మరిచిపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చి వాళ్ల నాన్నతో, కాలేజీలో కెమిస్ట్రీ ఆనర్స్ తప్ప ఇంకేం చదవనని చెప్పేసింది. మా ఆయన రఘునందన్ ఓ మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆయనకు తెలిసిన ఏకైక రసాయన చర్య ఫైలు మీద ఇంకు ఎండడం. అది రసాయన చర్య కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. “కటాఫ్ ఎంతుంటుందో కనుక్కోవాలి,” అన్నాడు. ఆ కటాఫ్ అనే మాట ఆ రోజే మా ఇంట్లోకి వచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర నాలుగో మనిషిలా కూర్చుంది.

జనవరి ఆఖర్లో బోర్డు ప్రాక్టికల్స్. వేరే స్కూలు నుంచి ఒక ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు, మా స్కూలు నుంచి ఒక ఇంటర్నల్ ఉంటారు. పిల్లలు గుర్తుపట్టాల్సిన సాల్ట్‌లను ల్యాబ్ అటెండరు చిన్న చిన్న పొట్లాలు కట్టి నంబర్లు వేస్తాడు. ఏ రోల్ నంబరుకు ఏ సాల్ట్ అన్న లిస్టు ఎగ్జామినర్లకు మాత్రమే తెలియాలి. మామూలుగా అది మూడు రోజుల ముందే క్యాంటీన్‌లో సమోసాలు వేయించేవాడికి కూడా తెలుస్తుంది. పిల్లలు చెయ్యాల్సిందల్లా పౌడర్‌ను కాసిని నీళ్లలో కలిపి, బర్నర్ ముందు కాసేపు నిలబడి, బట్టీ పట్టిన టేబుల్‌ను దించెయ్యడం. పరీక్ష అయ్యాక అందరికీ ముప్పైకి ముప్పై. ఎక్స్‌టర్నల్‌కు పనీర్ పకోడీలు. వచ్చే వారం మనవాళ్లు వాళ్ల స్కూలుకు వెళ్తే అక్కడా పకోడీలు.

నేను ఇంటర్నల్‌గా ఉన్న సంవత్సరాల్లో ఈ తంతు సాగనివ్వలేదు. లిస్టు నా బీరువాలో, తాళం నా కొంగున. కానీ సొంత కూతురు పరీక్ష రాస్తోంటే తల్లి ఎగ్జామినర్‌గా ఉండకూడదు. అందుకని ఆ ఏడాది నా క్లాసును త్యాగీ చేతిలో పెట్టారు. తోడేలుకు గొర్రెల్ని అప్పజెప్పారని స్టాఫ్‌రూమ్‌లోనే పైకి అన్నాను. ఆయనకు వినపడింది కూడా. అయినా నవ్వాడు, కోపం తెచ్చుకోవడం కూడా చేతకాదు ఆ మనిషికి.

పరీక్షకు రెండు రోజుల ముందు, స్కూలు వరండాలో ఎండ కాగుతూ నారింజ తొనలు తింటున్నాడు. నన్ను చూసి, పిల్ల విషయం కదా ఉంచుకోమని జేబులోంచి కాగితం తీశాడు.

“కస్తూరీ జీ, యే రఖ్ లీజియే. బచ్చీ కా మామ్‌లా హై.”

“మా పిల్లకు ఇలాంటివి అక్కర్లేదు త్యాగీ జీ.”

“అచ్ఛా అచ్ఛా. ఫిర్ భీ.” అంటూ కాగితం నా చేతిలోనే పెట్టి, తొక్కలు పోగుచేసుకుని వెళ్లిపోయాడు.

దాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పారేశాను. చదవకుండానే పారేశాను. అంటే, తొమ్మిదో నంబరు ఎదురుగా ఏముందో ఒక్కసారి చూసి పారేశాను.

వల్లి రోల్ నంబరు తొమ్మిది. మడత మేడమ్ కూతురని దానికి ఎవరూ చెప్పి ఉండరు. దాని ఎదురుగా ఉన్నది అమ్మోనియం క్లోరైడ్. పిల్లలు ఎగిరి గంతేసే సాల్ట్ అది. కాస్టిక్ సోడా వేసి వెచ్చబెడితే చాలు, ముక్కే చెప్పేస్తుంది. నాకు నవ్వొచ్చింది. ఆ మాత్రానికి లిస్టులెందుకు, మా పిల్ల నిద్రలో కూడా పట్టేస్తుంది అనుకున్నాను.

మర్నాటికి వల్లికి జలుబు చేసింది. ఆ వారమంతా పొగమంచు, గదిలో హీటరు వేసినా గోడలు చెమ్మగా ఉండేవి. సాయంత్రానికి పిల్ల ముక్కు పూర్తిగా మూసుకుపోయి, నోటితో ఊపిరి పీలుస్తోంది. ఆవిరి పట్టించాను, మిరియాల చారు తాగించాను. చివరికి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాను.

“కుఛ్ నహీ ఆ రహా, మమ్మీ.” కళ్లనిండా నీళ్లు. “స్మెల్ వాలా సాల్ట్ వస్తే ఏం చెయ్యాలి?”

“వేరే టెస్టులు ఉన్నాయి కదే. ముక్కొక్కటే కాదు.”

“కానీ టైమ్ లగ్తా హై. ఎక్స్‌టర్నల్ స్ట్రిక్ట్ అంట.”

రఘునందన్ పేపరు దించి, “ఒక్క మార్కుకు సీటు పోయినవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు,” అన్నాడు. ఎవరూ అడగలేదు ఆయన్ని.

మర్నాడు పొద్దున పొగమంచులో స్కూలు గేటు కూడా దగ్గరికెళ్తేగానీ కనపడలేదు. సగం బస్సులు ఇంకా దారిలోనే ఉన్నాయి. వల్లి మఫ్లర్ చుట్టుకుని ల్యాబ్ వైపు తిరిగింది. నేను లైబ్రరీ వైపు వెళ్లాలి, పరీక్ష అయ్యేదాకా నేను ల్యాబ్ చాయల్లో కనపడకూడదు. అలా వెళ్లిపోయి ఉంటే నేను ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

“వల్లీ,” అని పిలిచాను. దగ్గరకు వచ్చింది. మఫ్లర్ సర్దుతున్నట్టుగా వంగాను. “నీది అమ్మోనియం క్లోరైడ్. నీకు వాసన తెలియకపోవచ్చు. వచ్చిందనే రాయి.”

పిల్ల నా మొహంలోకి చూసింది. “మమ్మీ?”

“వెళ్లు, టైమైంది.”

లైబ్రరీలో కూర్చుని నన్ను నేను సమర్థించుకున్నాను. ముక్కు దిబ్బడేసిన పిల్లకు ఒక ముక్కు అరువిచ్చాను, అంతే. కాలు విరిగినవాడికి కర్ర ఇవ్వడం మోసమా? జలుబు లేకపోతే తనే కనిపెట్టేది కదా. త్యాగీ చేసేదానికీ నేను చేసినదానికీ పోలికేమిటి? ఇలా గంటసేపు మంచి మంచి వాదనలు తయారుచేశాను. త్యాగీ అయితే ఇన్ని తయారుచెయ్యలేడని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

పదకొండున్నరకు అటెండర్ హనుమయ్య లైబ్రరీ గుమ్మంలో నిలబడ్డాడు. పలాస దగ్గరి మనిషి. ఆ స్కూల్లో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

“అమ్మగారూ, మొదటి బేచీ అయిపోనాదండి. ఒక మాట సెప్పాల.”

“చెప్పు హనుమయ్యా.”

“పొట్లాలు నంబరు పెకారం పంచనేదండి. బస్సులు రాలేదు కదా, ఏడుగురు పిల్లలు ఆలీసంగా వచ్చినారు. ఆ పైమేడమ్ము ఏటన్నాదంటే, వచ్చినోళ్లని వచ్చినట్టు కూకోబెట్టేయ్, ఒకటో పొట్లంనుంచి వరసాగ్గా ఇచ్చేయ్ అన్నాది. నాను తేగీ సారు కాసి సూసినాను. ఆయనేటీ అన్లేదు. ఎవుల పొట్లం ఎవులకెళ్లిపోనాదో నాకే తెల్దు.”

ఒక్క నిమిషం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అతనితో పాటు ల్యాబ్‌కు వెళ్లాను. పిల్లలు అప్పటికే వెళ్లిపోయారు. బల్లల మీద ట్యూబుల స్టాండులు ఇంకా అలాగే ఉన్నాయి.

“మన పాప కూకున్నది ఇక్కడండి,” అని కిటికీ పక్క బల్ల చూపించాడు.

స్టాండులో మూడు ట్యూబులున్నాయి. ఒకదాని అడుగున తెల్లటి మడ్డి. ఒకటి తేటగా ఉంది. మూడోదానిలో గడ్డపసుపు రంగు, అడుగున మెరిసే రజను. అది లెడ్, సీసం. దాన్ని వల్లి గుర్తుపట్టకపోవడమన్నది జరగని పని.

పక్కన ఎగ్జామినర్ల గది తలుపు ఓరగా తీసి ఉంది. ఎక్స్‌టర్నల్ ఖుల్లర్ మేడమ్ స్వెటర్ అల్లుతోంది. త్యాగీ లిస్టు చూస్తూ చదువుతున్నాడు.

“రోల్ నంబర్ ఎయిట్, బేరియం క్లోరైడ్. బచ్చేనే బేరియం క్లోరైడ్ లిఖా.”

“ఠీక్.”

“నైన్, అమ్మోనియం క్లోరైడ్. లిఖా అమ్మోనియం క్లోరైడ్.”

“ఠీక్.”

ఆమె కళ్లు ఊలు మీదనుంచి లేవలేదు. ఎవరి చేతికి ఏ పొట్లం వెళ్లిందో ఆవిడకు అనవసరం. పిల్లలు తమకు ముందే చెప్పింది రాశారు. త్యాగీ ముందే రాసుకున్నది చదువుతున్నాడు. అబద్ధానికి అబద్ధం అతికినట్టు సరిపోయింది. సరిపోకుండా పోవాలంటే ఎవరో ఒకరు నిజం రాసి ఉండాలి.

“ఫిఫ్టీన్, జింక్ సల్ఫేట్. లేకిన్ ఇస్నే...” త్యాగీ ఆగాడు. “ఇస్నే తో అమ్మోనియం క్లోరైడ్ లిఖ్ దియా.”

“గలత్,” అంది ఖుల్లర్ మేడమ్, అల్లిక కుట్లు లెక్కపెట్టుకుంటూ.

రోల్ నంబర్ పదిహేను దీపా రావత్. తొమ్మిదో పొట్లం ఆ పిల్లకు వెళ్లింది.

ఇంటికొచ్చేసరికి వల్లి దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏమీ అడగకూడదనుకుంటూనే బ్యాగు తెరిచాను. రఫ్ పేపరు దొరికింది. నిలువుగా మడిచి ఉంది. ఎడమ సగంలో వల్లి చిన్న చిన్న అక్షరాలు: వాసన తెలియలేదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే తెల్లటి మడ్డి. పొటాషియం అయొడైడ్ వేస్తే పసుపు. వేడి చేస్తే మాయం. చల్లారితే మెరుపు. ఒక్కొక్కటీ పద్ధతిగా రాసుకుంది. మడత విప్పాను. కుడి సగంలో ఒకే మాట: అమ్మోనియం క్లోరైడ్.

“ఇది సీసమని నీకు తెలుసు కదే,” అన్నాను.

దుప్పటి లోంచే జవాబొచ్చింది. “తెలుసు.”

“మరి?”

“ఆప్‌నే బోలా థా.” మీరే చెప్పారు కదా అంటూ లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, జలుబుకో దేనికో. “ట్యూబ్ సరిగ్గా కడగలేదేమో అనుకున్నా. మళ్లీ కడిగి చేశా. మళ్లీ యెల్లో వచ్చింది. మూడోసారి కూడా చేశా, మమ్మీ. మీరు తప్పు చెప్పరు కదా. అందుకని నాదే ఏదో మిస్టేక్ అనుకున్నా.”

పన్నెండో తరగతి దాకా ఆ పిల్లకు నేను నేర్పింది ఒకే ఒక్క సంగతి. దాన్ని గేటు దగ్గర ఒక్క నిమిషంలో నేనే తుడిచేశాను. అది కూడా నేను చెప్పింది తప్పు కాదన్న నమ్మకం మీద.

“దీపా నే క్యా లిఖా?” అని అడిగింది.

చెప్పాను. వల్లి దుప్పటి పక్కకు తోసింది. “అంటే అది కరెక్ట్ రాసింది. తో ఉస్‌కే మార్క్స్ కటేంగే? మీరు చెప్పండి ఖుల్లర్ మ్యామ్‌కి. రేపు ఇంకో బ్యాచ్ ఉంది కదా, ఆమె వస్తుంది.”

రఘునందన్‌కు సంగతంతా వివరించాల్సి వచ్చింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. “నువ్వు వెళ్లి పొట్లాలు మారాయంటే, లిస్టు ఎలా బయటికొచ్చిందని అడుగుతారు. నీ కూతురు చూడనిది ఎలా రాసిందని అడుగుతారు. ఫైలు పైకి వెళ్లిపోయాక కొత్త నోటు పెట్టకూడదు కస్తూరీ,” అన్నాడు. పాతికేళ్లలో ఆయన మాట నేను విన్న మొదటి రోజు అదే. పిరికితనానికి ఎంత చక్కటి ఆఫీసు భాష ఉందో అనిపించింది, అయినా విన్నాను.

వినేసి ఊరుకోలేదు కూడా. మర్నాడు మధ్యాహ్నం ఎగ్జామినర్ల గదికి వెళ్లాను, చెప్పాలనే వెళ్లాను. మార్కుల షీటు ఇంకా సీలు చెయ్యలేదు, బల్ల మీద ఊలు ఉండ కింద ఉంది. ఖుల్లర్ మేడమ్ తలెత్తి, “ఆయియే ఆయియే! ఆప్ కీ బేటీ తో కమాల్ హై. ఫుల్ మార్క్స్,” అంది. త్యాగీ నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, ఎగతాళి లేదు. తోటివాళ్లను చూసే చూపు అది. ఆ గదిలోకి నాకు స్వాగతం చెప్తున్నట్టుగా కుర్చీ జరిపాడు.

ప్లేటులో పకోడీలు మిగిలి ఉన్నాయి. ప్లేటు తీసి ఆవిడ ముందు పెట్టాను. “ఇంకొకటి తీసుకోండి మేడమ్, చల్లారిపోతాయి,” అన్నాను.

రెండు రోజుల తర్వాత స్కూలు వదిలాక నేనూ వల్లీ మెట్లు దిగుతున్నాం. దీప ఎదురొచ్చింది. త్యాగీ అందరి ముందూ ‘రావత్ ఒక్కతే తప్పు రాసింది’ అని చెప్పేశాడట. ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడేది కాదు, ఆ రోజు మాట్లాడింది, హిందీలో, మెల్లగా.

“మ్యామ్, త్యాగీ సార్ అందరికీ చెప్పినట్టే నాక్కూడా జింక్ సల్ఫేట్ అని ముందే చెప్పారు. కానీ కాస్టిక్ సోడా వేసి వేడి చేస్తే ముక్కు మండింది. రెండుసార్లు చేశాను. మీరు చెప్పినట్టు ముందు ఎడమవైపు రాసుకున్నాను. అందుకే అదే రాశాను. అది అమ్మోనియా కాదా మ్యామ్?”

వల్లి నా చెయ్యి పట్టుకుంది. ఏం చెప్తానో వినాలని కాబోలు, గట్టిగా పట్టుకుంది.

“చలికాలం కదమ్మా,” అన్నాను. “ముక్కు ఒక్కోసారి మోసం చేస్తుంది.”

దీప తలూపింది. “జీ మ్యామ్,” అని, ఇంకేదో అడగబోయి, నమస్తే పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది. ఎదురు చెప్పలేదు. నేను చెప్పాను కనక నమ్మింది. వల్లి నా చెయ్యి వదిలేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో కెమిస్ట్రీ మాటే రాలేదు. వంటింట్లో పక్కన నిలబడి ‘ఇది ఎందుకు ఇలా విరిగింది, అది ఎందుకు పొంగింది’ అని అడిగే పిల్ల, కంచం తీసుకుని టీవీ ముందుకు వెళ్లిపోయేది. అరిచినా బాగుండేది, అరవలేదు. అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పేది. నేను మరీ చిన్నచూపు చూసేవాళ్లతో నేను కూడా అంతే మర్యాదగా మాట్లాడతాను. ప్రిన్సిపాల్‌తో అలాగే మాట్లాడతాను. అందుకే ఆ మర్యాద నాకు బాగా అర్థమైంది.

మేలో ఫలితాలొచ్చాయి. వల్లికి ప్రాక్టికల్లో ముప్పై. కెమిస్ట్రీలో క్లాస్ ఫస్ట్. టీచరు కూతురంటే అలా ఉండాలని పక్క ఫ్లాటు వాళ్లు మిఠాయి తిని మరీ మెచ్చుకున్నారు. దీపకు ఇరవై మూడు. ఆ పిల్ల అడిగిన కాలేజీలో కెమిస్ట్రీ రాలేదు, ఆనర్స్ లేని మామూలు బీఎస్సీ పాస్ కోర్సులో చేరిందని తర్వాత తెలిసింది.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, కరెంటు లేక తలుపులన్నీ బార్లా తీసి, డైనింగ్ టేబుల్ మీద అడ్మిషన్ ఫారాలు పరిచాం. రఘునందన్ న్యూస్‌పేపర్లో కటాఫ్‌లన్నీ ఎర్ర పెన్నుతో చుట్టి, మనకు ఎన్ని కాలేజీల్లో వస్తుందో సంబరంగా చెప్తున్నాడు. వల్లి తల వంచుకుని ఫారం నింపుతోంది. అక్షరాలు కొట్టివేతలు లేకుండా, పద్ధతిగా ఉన్నాయి. కోర్సు పేరు దగ్గర చూశాను. హిస్టరీ ఆనర్స్ అని ఉంది.

“ఇదేమిటే?” అన్నాను.

“ఫారం.”

“హిస్టరీ ఏమిటి? నీకు హిస్టరీ ఎప్పుడిష్టం?”

వల్లి పెన్ను మూత పెట్టి, నా వైపు చూసింది. మొహంలో కోపం లేదు. “హిస్టరీలో ఎవరూ కళ్లతో చూసి ఉండరు, మమ్మీ. ఎవరో చెప్పింది రాస్తే చాలు. అక్కడ అది తప్పు కాదు.”

రఘునందన్ పకపకా నవ్వాడు. “చూశావా, నీ పోలికే. నోరు విప్పితే విసురే,” అన్నాడు. దాని మాటల్లో ఏముందో తెలియని అదృష్టవంతుడు ఆ ఇంట్లో ఆయనొక్కడే.

నాకు చెప్పడానికి చాలా ఉంది. చరిత్ర అంటే అది కాదని చెప్పొచ్చు. ఒక్క తప్పుకు ఇంత శిక్షా అని అడగొచ్చు. దీప ఇంటికి ఇద్దరం కలిసి వెళ్దామని అనొచ్చు, అది మాత్రం నిజంగా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఏది చెప్పినా అది నమ్మదు. నమ్మకపోవడమే సరైన పని కూడా. ఆ పిల్లను నేను అలాగే పెంచాను, ఆ ఒక్క పొద్దు తప్ప.

“ఇక్కడ గార్డియన్ సంతకం కావాలి,” అని ఫారం నా వైపు తిప్పి, పెన్ను నా చేతికిచ్చింది.

ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. పెట్టాను.